రన్ అంటే పరుగొక్కటే కాదు: బస్సు నడుస్తుంది, మర ఆడుతుంది, కాలువ పారుతుంది

ప్రశ్న: "మాస్టారూ, నమస్తే అండి. మాది అంబాజీపేట దగ్గరండి. డీఎస్సీకి చదువుతున్నాను. ‘రన్’ అంటే పరుగెత్తడం అని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నాం. ఇప్పుడు ప్రాక్టీసు పేపర్లలో ‘హి రన్స్ ఎ స్మాల్ హోటల్’, ‘ద రోడ్ రన్స్ అలాంగ్ ద కెనాల్’, ‘వుయ్ రాన్ అవుట్ ఆఫ్ డీజిల్’, ‘హర్ నోస్ ఈజ్ రన్నింగ్’, ‘డయాబెటిస్ రన్స్ ఇన్ దెయిర్ ఫ్యామిలీ’ అని వస్తున్నాయి. ఎక్కడా పరుగు లేదు. చూస్తుంటే టెన్షన్ వస్తోందండి. ఈ మాటకి ఉన్న అర్థాలన్నీ ఒక లిస్టుగా ఇస్తే బట్టీ పట్టేస్తాను."

అమ్మా, ముందు ఆ లిస్టు సంగతి తేల్చేద్దాం. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఉంది కదా, 1989 ముద్రణలో అన్నిటికంటే ఎక్కువ చోటు పట్టిన మాట ‘సెట్’. దానికి 430 అర్థాలు లెక్క తేలాయి. తర్వాత అదే నిఘంటువుని మాట మాటా సవరిస్తూ వస్తుంటే ‘రన్’ దాన్ని దాటేసింది. క్రియగా వాడే ‘రన్’ ఒక్కదానికే 645 అర్థాలు. పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఈ ఒక్క మాట సవరించడానికి తొమ్మిది నెలలు కూర్చున్నాడు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే మనిషి, అదే వృత్తిగా ఉన్నవాడు, అన్నాళ్ళు పట్టించుకున్న పనిని పరీక్ష ముందు నువ్వు బట్టీ పట్టలేవు. పట్టనక్కర్లేదు కూడా. ఆ లిస్టులో చాలా భాగం నీకు తెలుగులో ఎప్పుడో వచ్చేసిందని చూపించడానికే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నేను ముప్పై మూడేళ్ళు కాలువ గట్టు మీది జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. అంతకాలం చెప్పినా ఈ మాట నాకు సరిగ్గా బోధపడింది రాజమండ్రి స్టేషన్‌లో, ప్లాట్‌ఫాం మీద రైలు కోసం చూస్తూ కూర్చున్న ఒక రాత్రి. మైకులో మూడు భాషల్లో చెబుతారు కదా. ఇంగ్లీషులో ‘ఈజ్ రన్నింగ్ లేట్’ అన్నారు. హిందీలో ‘దేరీ సే చల్ రహీ హై’ అన్నారు. తెలుగులో ‘ఆలస్యంగా నడుస్తున్నది’ అన్నారు. వెయ్యిసార్లు విన్నదే, ఆ రోజు చెవిలో పడింది. ఒకటే రైలు, అవే పట్టాలు. ఇంగ్లీషు వాళ్ళకి అది పరుగెడుతోంది, మనకి నడుస్తోంది. నిజానికి ఆ గంటలో అది ఏ సిగ్నల్ దగ్గరో ఆగి ఉండొచ్చు. అంటే ఇక్కడ ‘రన్’ వేగం గురించి చెప్పడం లేదు, కాళ్ళ గురించి చెప్పడం లేదు. పని సాగుతోంది, ఇంకా పూర్తికాలేదు అని చెబుతోంది.

‘సాగడం’ అన్న ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకో. ‘రన్’ కనిపించిన ప్రతిచోటా ముందు ‘ఇక్కడ ఏది సాగుతోంది?’ అని అడుగు. ఏది సాగుతోందో తెలిస్తే, అది తెలుగులో ఏ క్రియతో సాగుతుందో నీ నోటికి దానంతట అదే వస్తుంది. మన భాషలో ఒక్కో వస్తువు ఒక్కో రకంగా సాగుతుంది. బస్సు, బడి, సంసారం నడుస్తాయి. మర, సినిమా, గుండె ఆడతాయి. గడియారం, ఏరు దాటించే పంటు తిరుగుతాయి. నీళ్ళు పారతాయి. ముక్కు, కన్ను కారతాయి. దారి పోతుంది. ఇంగ్లీషులో వీటిలో చాలా వాటిని ఒక్క ‘రన్’ మోస్తుంది. నీకు వాళ్ళ మాటకి అన్ని అర్థాలా అని ఆశ్చర్యంగా ఉంది. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషు మనిషికి, ఒక్క పనికి ఇన్ని మాటలా అని ఆశ్చర్యంగా ఉంటుంది.

ఒక రోజు సంగతి చెబుతాను. దాళ్వా రోజులు, అంటే రెండో పంట కాలం, కాలువకి వంతుల మీద నీళ్ళిస్తున్నారు. సాయంత్రం బడి అయ్యాక గట్టు మీద వెళ్తుంటే ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు వాళ్ళ నాన్న పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన ఆయిలింజను హ్యాండిల్ తిప్పుతున్నాడు. రెండుసార్లు నల్లగా పొగ కక్కి ఆగిపోయింది, మూడోసారి అందుకుంది. గొట్టం అతుకు దగ్గర పాత సైకిలు ట్యూబు చుట్టి ఉంది, అక్కడ సన్నగా నీళ్ళు చిమ్ముతున్నాయి. గొట్టం చివర ముందు గాలి వచ్చింది, తర్వాత బురదనీళ్ళు, తర్వాత తెల్లటి నీళ్ళు దబదబా వచ్చి బోదెలో, అంటే చేలోకి నీళ్ళు పోయే చిన్న కాలవలో, పడి చేనువైపు సాగాయి. క్లాసులో ఆ పిల్లవాడు నోరు విప్పేవాడు కాదు. ఇంగ్లీషు అంటేనే తల దించేసేవాడు. ‘ఇక్కడ ఏం జరుగుతోందో నాకు తెలుగులో చెప్పరా’ అన్నాను. చెప్పాడు. ‘ఇంజను ఆడుతోందండి. నాన్న ఆడిస్తున్నాడండి. గొట్టం కాలువలోంచి మా చేనుదాకా పోయిందండి. బోదెలో నీళ్ళు పారుతున్నాయండి. డీజిల్ అయిపోతే ఆగిపోద్దండి.’

అయిదు వాక్యాలు. అయిదింటినీ వాడి ఎదురుగానే ఇంగ్లీషు చేశాను. ‘ద ఇంజిన్ ఈజ్ రన్నింగ్.’ ‘మై ఫాదర్ ఈజ్ రన్నింగ్ ఇట్.’ ‘ద పైప్ రన్స్ ఫ్రమ్ ద కెనాల్ టు అవర్ ఫీల్డ్.’ ‘వాటర్ ఈజ్ రన్నింగ్ ఇన్ ద చానెల్.’ ‘ఇట్ విల్ స్టాప్ ఇఫ్ వుయ్ రన్ అవుట్ ఆఫ్ డీజిల్.’ ఆడడం, ఆడించడం, పోవడం, పారడం, అయిపోవడం, అన్నీ ఒక్క మాటలో ఒదిగాయి. మర్నాడు క్లాసులో వాడి చేతే బోర్డు మీద ఆ అయిదూ రాయించాను. ఆ సంవత్సరం వాడు మర్చిపోని పాఠం అదొక్కటే అని వాళ్ళ నాన్న తర్వాత చెప్పాడు.

ఆ అయిదింటిలో మొదటి రెండూ మళ్ళీ చూడు, వ్యాకరణం అంతా అక్కడే ఉంది. తెలుగులో తానే సాగితే ‘ఆడు’, ఇంకొకరు సాగిస్తే ‘ఆడించు’. నడుచు, నడుపు. పారు, పారించు. క్రియ రూపమే మారిపోతుంది కాబట్టి మనకి అనుమానం రాదు. ఇంగ్లీషులో ఈ తేడా క్రియలో కనిపించదు. రెండుచోట్లా ‘రన్’ అనే ఉంటుంది. తేడా తెలిసేది తర్వాత వచ్చే మాటని బట్టి. ‘రన్’ వెనకాలే వస్తువు పేరు లేకపోతే తానే సాగుతోంది. వెంటనే ఒక వస్తువు పేరు వస్తే ఎవరో దాన్ని సాగిస్తున్నారు. ‘ద హోటల్ రన్స్ వెల్’ అంటే హోటల్ బాగా నడుస్తోంది. ‘హి రన్స్ ఎ స్మాల్ హోటల్’ అంటే అతను చిన్న హోటల్ నడుపుతున్నాడు. నీ మొదటి వాక్యం అయిపోయింది.

ఇంకో చిత్రం చూడు. ఈ మాటని మనం తెలుగులోకి తెచ్చుకున్నప్పుడు కూడా ఆ తేడాని వదల్లేదు. ‘సీరియల్ రన్ అవుతోంది’ అంటాం, ‘షాపు రన్ చేస్తున్నాడు’ అంటాం. ఒకచోట అవడం, ఒకచోట చేయడం తగిలించాం. బస్టాండులో టీ అమ్మే మనిషి కూడా ఇందులో పొరబడడు. ఇంగ్లీషు రాసేటప్పుడు ఆ అవడం, చేయడం తీసేస్తే చాలు. మన పిల్లలు ‘హి ఈజ్ డూయింగ్ రన్ ఎ షాప్’ అని రాసేది అవి తీయకపోవడం వల్లే.

నీళ్ళ దగ్గర ఇంకాసేపు ఉందాం, మనది డెల్టా కదా. ఈ మాట పుట్టుకలో కాళ్ళతో పాటు నీళ్ళూ ఉన్నాయి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో కూడా ఇది మనిషి పరుగుకీ ఏటి ప్రవాహానికీ రెండింటికీ ఉంది. దీని చుట్టమైన జర్మన్ మాట ‘రిన్నెన్’కి ఇప్పటికీ అర్థం నీళ్ళు పారడం, దాని పక్కనే ఉన్న ‘రెన్నెన్’కి అర్థం పరుగెత్తడం. ఇంగ్లీషులో సన్నటి నీటిపాయని ‘రన్నెల్’ అంటారు, మన పంట బోదెకి దగ్గరగా ఉండే మాట. కాబట్టి ‘ద రివర్ రన్స్ టు ద సీ’ అన్నప్పుడు ఇంగ్లీషువాడు గోదారిని మనిషితో పోల్చి కవిత్వం చెబుతున్నాడనుకోకు. మామూలు మాటే చెబుతున్నాడు.

మన తెలుగూ అంతే. కాలువ పారుతుంది, దొంగ పారిపోతాడు. రెండుచోట్లా ఒకే ‘పారు’. పాత తెలుగులో దీన్ని బండి ఱ పెట్టి ‘పాఱు’ అని రాసేవారు. పాత నిఘంటువులు తీస్తే దీనికి ప్రవహించడం, పరుగెత్తడం రెండు అర్థాలూ కనిపిస్తాయి. ‘పరుగు’ కూడా ఈ కుదురులోదే. ఎక్కడి ఇంగ్లీషు, ఎక్కడి తెలుగు, రెండు భాషల్లోనూ నీటి నడకకీ కాళ్ళ పరుగుకీ ఒకే వేరు దొరకడం నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించే విషయం. ఇది పిల్లలకి చెప్పినప్పుడు క్లాసులో వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు.

వరదలప్పుడు ఇంగ్లీషు పేపరు చదువు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ‘ద రివర్ ఈజ్ రన్నింగ్ అబవ్ ద ఫస్ట్ వార్నింగ్ లెవెల్’ అంటారు. పక్కనే ‘ఫెర్రీస్ ఆర్ నాట్ రన్నింగ్’ అని ఉంటుంది. మొదటిది ప్రవహించడం, రెండోది నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు తిరగకపోవడం. ఒకే వార్తలో రెండు. గోదారి సాగుతోంది కాబట్టి పంటు సాగడం లేదు, అంతే.

మే నెలలో కాలువలు కట్టేసినప్పుడు ‘ద కెనాల్స్ రన్ డ్రై’ అంటారు. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. చాలా ఏళ్ళ కిందట ఒక పరీక్షలో నా విద్యార్థి దీన్ని ‘కాలువలు పొడిగా పరుగెత్తును’ అని తెలుగు చేశాడు. నేను కొట్టేశాను, మార్కు వేయలేదు. తర్వాత వాడు నా దగ్గరికొచ్చి ‘మరి దీనర్థం ఏంటండి?’ అని అడిగితే జవాబు చెప్పాను గానీ, ఎందుకో చెప్పలేకపోయాను. ఆ ఎందుకో ఇప్పుడు చెబుతాను. ‘రన్’ వెనకాల ఒక గుణం వస్తే, డ్రై, షార్ట్, లో, వైల్డ్ లాంటివి వస్తే, సాగి సాగి ఆ స్థితికి చేరడం అని అర్థం. రన్ డ్రై అంటే ఎండిపోవడం. రన్ షార్ట్ అంటే చాలకపోవడం, తరుగు పడడం. రన్ లో అంటే అడుగంటడం. రన్ వైల్డ్ అంటే అదుపు తప్పడం, పెరడు అయితే పిచ్చిగా పెరిగిపోవడం. మన ‘పోవు’ చేసే పని ఇది. ఎండిపోయింది, తగ్గిపోయింది, పెరిగిపోయింది. ఈ ‘పోయింది’లో ఎవరూ ఎక్కడికీ పోలేదు కదా. అక్కడ నీకు తడబాటు లేనప్పుడు ఇక్కడా ఉండక్కర్లేదు.

‘వుయ్ రాన్ అవుట్ ఆఫ్ డీజిల్’ దీని పక్క వాక్యమే. అర్థం అందరికీ తెలుస్తుంది, రాసేటప్పుడే తప్పు వస్తుంది. తెలుగులో ‘మాకు డీజిల్ అయిపోయింది’ అంటాం, అయిపోయేది డీజిల్. అందుకే మన పిల్లలు ‘అవర్ డీజిల్ ఈజ్ కంప్లీటెడ్’ అని రాస్తారు. కంప్లీట్ అయ్యేది పని. సరుకు కంప్లీట్ కాదు. డీజిల్‌ని మొదట పెట్టాలంటే ‘ద డీజిల్ రాన్ అవుట్’. మనుషుల్ని మొదట పెట్టాలంటే ‘వుయ్ రాన్ అవుట్ ఆఫ్ డీజిల్’. ఆ ‘ఆఫ్’ మర్చిపోతే వాక్యం చెడుతుంది. బియ్యం, గ్యాసు, ఓపిక, టైము, అన్నిటికీ ఇదే వరస. పరీక్షల్లో దీన్ని ఎక్కువగా అడుగుతారు, నాలుగైదు వాక్యాలు చేత్తో రాసి చూసుకో.

ఇక కారడం. ‘హర్ నోస్ ఈజ్ రన్నింగ్’ అంటే ముక్కు కారుతోంది. తేలికే. కానీ కుళాయి దగ్గర జాగ్రత్త. ‘ద ట్యాప్ ఈజ్ రన్నింగ్’ అంటే కుళాయి విప్పి ఉంది, నీళ్ళు ధారగా వస్తున్నాయి. మనం ‘కుళాయి కారుతోంది’ అంటే కట్టేసినా చుక్కచుక్కగా పడుతోంది అని, దానికి ఇంగ్లీషు ‘లీకింగ్’ లేదా ‘డ్రిప్పింగ్’. ‘ఎ హౌస్ విత్ రన్నింగ్ వాటర్’ అంటే ఇంటి పక్కన కాలువ ఉన్నట్టు కాదు, ఇంట్లోకి కుళాయి నీళ్ళు ఉన్నాయని. ఇది అనువాదం ప్రశ్నల్లో చాలామందిని ముంచింది.

బట్టల రంగుకీ ‘రన్’ వాడతారు. బండారులంక వెళ్ళి చీర కొంటే మీ అమ్మ అడిగే మొదటి ప్రశ్న ‘రంగు వదలదు కదా?’ అని. ఇంగ్లీషులో అది ‘విల్ ద కలర్ రన్?’ నీళ్ళలో పెట్టగానే రంగు కరిగి పక్క బట్ట మీదికి పారుతుంది, అందుకు. మొత్తంగా వెలిసిపోవడం వేరు, దానికి ‘ఫేడ్’. ఎండలో ఆరేసి వెలిసిపోయిన చీరకి ‘రన్’ అనకూడదు.

దారి సంగతి. ‘ద రోడ్ రన్స్ అలాంగ్ ద కెనాల్.’ రోడ్డు కాలువ వెంట పోతుంది. రోడ్డు ఎక్కడికీ కదలదు, దాని వెంట మన చూపు సాగుతుంది. తెలుగులోనూ ‘ఈ దారి ఎటు పోతుందండి?’ అనే అడుగుతాం కాబట్టి కష్టం లేదు. ఏటిగట్టు, కంచె, కరెంటు తీగ, చీర అంచు, గోడమీది బీట, పొడుగ్గా ఉన్నవన్నీ ఇలాగే ‘రన్’ అవుతాయి. కాలాన్ని కూడా ఇంగ్లీషు ఇలాగే పొడుగ్గా చూస్తుంది. ‘ద లీజ్ రన్స్ ఫర్ త్రీ ఇయర్స్’ అంటే కౌలు గడువు మూడేళ్ళు.

కాలువల మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క చెప్పి వెనక్కి వస్తాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన ఈ కాలువలు సాగునీటికే కాక పడవల రాకపోకలకి కూడా పనికొచ్చాయి. పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దింపడానికి, ఎక్కించడానికి కట్టినవే మన లాకులు. ‘లాకుల దగ్గర దిగుతాను’ అని బస్సులో చెప్పే మనలో చాలామందికి అది తలుపు తాళం మాటే అని తట్టదు. గేట్లు మూసి నీటిని బంధించి ఉంచే చోటు కాబట్టి ఆ పేరు. ఒకే మాటకి అనేక అర్థాలు ఉండడం నీ ప్రాక్టీసు పేపర్లో మొదలుకాలేదమ్మా, మీ ఊరి కాలువ మీద ఎప్పటినుంచో ఉంది.

తెలుగు అలవాటు మనల్ని తప్పు దారి పట్టించే చోట్లు రెండున్నాయి, అవి గట్టిగా చెప్పాలి. మొదటిది వయసు. మనం ‘వాడికి ఇరవై మూడో ఏడు నడుస్తోంది’ అంటాం. అందులోంచి ‘ట్వంటీ త్రీ రన్నింగ్’ వచ్చింది. మన ఊళ్ళో అందరికీ తెలుస్తుంది. నా దగ్గర చదివిన ఒక కుర్రాడు ఉద్యోగం ఇంటర్వ్యూలో వయసు అడిగితే ‘ఐ యామ్ ట్వంటీ త్రీ రన్నింగ్’ అన్నాడు. అడిగిన పెద్దమనిషి వాడి మొహం మీదే నవ్వి, పక్కవాళ్ళకి మళ్ళీ చెప్పి నవ్వించాడు. కుర్రాడు ఆ తర్వాత అడిగిన వాటికి తెలిసిన జవాబులు కూడా చెప్పలేకపోయాడు. ఇంటికొచ్చి నాతో చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. నాకు ఇప్పటికీ ఆ నవ్విన మనిషి మీద కోపమే. కుర్రాడి ఆలోచనలో తప్పులేదు, సొంత భాషలోంచి సరైన తర్కంతోనే తెచ్చుకున్నాడు, ఇంగ్లీషులో ఆ వాడుక లేదంతే. ‘ఐ యామ్ ట్వంటీ టూ’ అంటే సరిపోతుంది, ఎందుకంటే ఇంగ్లీషులో నిండిన ఏళ్ళే లెక్క. అంకె తర్వాత ‘రన్నింగ్’ రావచ్చు గానీ అర్థం వేరు. ‘ఇట్ రెయిన్డ్ ఫర్ త్రీ డేస్ రన్నింగ్’ అంటే వరసగా మూడు రోజులు వాన పడింది అని.

రెండోది ‘రన్నింగ్ బస్సు’. ‘రన్నింగ్ బస్సు ఎక్కొద్దు’ అని తెలుగులో అనుకో, ఇబ్బంది లేదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘మూవింగ్ బస్’ అనాలి. బస్ ఈజ్ రన్నింగ్ అంటే ఇంజను ఆన్‌లో ఉందనో, ఆ రూట్లో సర్వీసు ఉందనో అర్థం వస్తుంది.

ఎన్నికల దగ్గర ఒక ముచ్చట ఉంది. అమెరికాలో అభ్యర్థి ‘రన్స్ ఫర్ ప్రెసిడెంట్’. ఇంగ్లండులో ‘స్టాండ్స్ ఫర్ పార్లమెంట్’. ఒకరు పరుగెడతారు, ఒకరు నిలబడతారు. మనం ఏమంటాం? ‘ఈసారి సర్పంచిగా నిలబడుతున్నాడు’ అంటాం. బ్రిటిష్ వాడుకా మనదీ ఒకటే అయింది. మన వాక్యాల్లో రెండూ రాయొచ్చు, పేపర్లో మాత్రం ‘రన్ ఫర్’ కనిపిస్తే పోటీ చేయడం అని గుర్తుపట్టు.

చేపల దగ్గర ఈ మాట నామవాచకం అవుతుంది. సముద్రంలో ఉండే ఇలస వరదనీటికి ఎదురీది గోదారిలోకి గుడ్లు పెట్టడానికి ఎక్కుతుంది, అప్పుడు మనకది పులస. పుస్తెలమ్మైనా తినాలని పెద్దవాళ్ళు చెప్పుకున్న చేప. ఇలా చేపలు గుంపుగా ఏరు ఎక్కి రావడాన్ని ఇంగ్లీషులో ‘రన్’ అంటారు. సాల్మన్ చేపల గురించి చదివితే ‘సాల్మన్ రన్’ అని ఉంటుంది. మన గోదారికి ‘హిల్సా రన్’ అని రాస్తే సరిగ్గా సరిపోతుంది. జులై వచ్చి నీళ్ళు ఎర్రబడితే యానాం రేవులో జనం ఎదురుచూసేది దీనికోసమే.

క్రికెట్ రన్ గురించి చెప్పేదేముంది, రెండు వికెట్ల మధ్య పరుగే. బంతి బౌండరీ దాటితే ఎవరూ పరుగెత్తకపోయినా ‘ఫోర్ రన్స్’ అనే అంటారు, తెలుగు వ్యాఖ్యాత కూడా ‘నాలుగు పరుగులు’ అనే అంటాడు. ‘ఇన్ ద లాంగ్ రన్’ అంటే మనం ‘పోను పోను’ అంటామే, అదే. ఇంతకంటే చక్కటి అనువాదం నాకు ఇంతవరకూ దొరకలేదు. ‘ట్రయల్ రన్’ అంటే ముందుగా ఒకసారి నడిపి చూసుకోవడం. సినిమా వంద రోజుల రన్ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు.

వెనకాల చిన్న మాటలు తగిలినవి కొన్ని ఉన్నాయి. ‘రన్ ఇంటు’ మనిషికి వాడితే అనుకోకుండా ఎదురుపడడం, చెట్టుకి వాడితే గుద్దుకోవడం. ‘రన్ ఓవర్’ బండి కింద పడేయడం. ‘రన్ త్రూ’ మొత్తం ఒకసారి తిరగేయడం. ‘రన్ అప్ ఎ బిల్’ అంటే కిరాణా కొట్లో బాకీ పెంచుకోవడం. ‘రన్ డౌన్’ ఒకరి గురించి చులకనగా మాట్లాడడం. అదే గుణంగా ‘రన్ డౌన్ బిల్డింగ్’ అంటే పాడుబడ్డ ఇల్లు. వీటికి సాగడం అన్న సూత్రం ఒక్కటే చాలదు, వాక్యాలతో సహా చదువుకోవాల్సిందే. ఈ ఒక్క భాగానికి నువ్వు కావాలంటే లిస్టు రాసుకో, నేను వద్దనను.

రూపాలు రన్, రాన్, రన్. మూడోది మళ్ళీ మొదటిదే. ‘హ్యాజ్ రాన్’ అని రాస్తే మార్కు పోతుంది. రన్నింగ్ స్పెల్లింగ్‌లో ‘ఎన్’ రెండుసార్లు.

సామెతల ప్రశ్న వస్తే రెండు గుర్తుంచుకో. ‘స్టిల్ వాటర్స్ రన్ డీప్’కి మన వైపు దగ్గరగా వచ్చేది ‘నిండుకుండ తొణకదు’. ఇందులో ‘రన్’కి మాటకి మాట వెతికితే సామెత పోతుంది. ‘పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు’ అన్నది ఇంగ్లీషు చేయమంటే మాత్రం అక్కడ నిజంగా కాళ్ళ పరుగే ఉంది, ధైర్యంగా ‘రన్’ వాడు.

నీ చివరి వాక్యం మిగిలింది. ‘డయాబెటిస్ రన్స్ ఇన్ దెయిర్ ఫ్యామిలీ.’ ఏది సాగుతోంది? తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి షుగరు సాగుతోంది. తెలుగులో ‘షుగరు వాళ్ళ వంశంలోనే ఉంది’ అంటాం. మంచి గుణాలకీ వాడొచ్చు. ‘మ్యూజిక్ రన్స్ ఇన్ హర్ ఫ్యామిలీ’, సంగీతం వాళ్ళ ఇంట్లోనే ఉంది. ఇక్కడ ఇంగ్లీషు పారుతుంది, మనం ఉంది అంటాం. ఈ ఒక్కచోట మాత్రం మన వాడుకలో కదలిక లేదు, అది గమనించు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. ఒక నోటుపుస్తకం తీసుకో. అర్థాలు రాయకు. రేపు పొద్దున్న లేచినప్పటినుంచి మీ ఇంట్లో, వీధిలో, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో, బస్సులో, ఏవేవి నడుస్తున్నాయో, ఆడుతున్నాయో, పారుతున్నాయో, తిరుగుతున్నాయో, కారుతున్నాయో, అయిపోతున్నాయో తెలుగులో ఒక్కో వాక్యం రాయి. దాని కింద ‘రన్’తో ఇంగ్లీషు వాక్యం రాయి. కొన్నిటికి ‘రన్’ కుదరదు. గాలిలో ఆకు ఆడుతుంది, అక్కడ ‘రన్’ రాదు. పిల్లలు వీధిలో ఆడతారు, అక్కడా రాదు. ఎక్కడ కుదరలేదో అక్కడ ఒక గీత పెట్టు, అవి నాకు ఎక్కువ కావాలి. పాతిక వాక్యాలు అయ్యాక ఇక్కడే పెట్టు. ఎన్ని ఉన్నా ఒక్కొక్కటి చూసి దిద్దుతాను.